గడప దగ్గర నేను మింగేసిన పేరు

కొత్త కోడలు అత్తవారింటి గడప ముందు ఎంతసేపు నిలబడుతుంది? హారతి పట్టి, ఎర్రనీళ్లు దిగదుడిచి, నాలుగు హాస్యాలాడి లోపలికి పంపేసేంతసేపు. నేను మాత్రం ఎండలో నిలబడి, పొద్దు వాలేదాకా నిలబడి, రెండు ఊళ్లను నిలబెట్టాను. పెళ్లి బండి వెనక్కి తిరిగింది. మా అయ్య నా మూలంగా పదిమందిలో తల దించుకున్నాడు. ఇది నవ్వించడానికే రాస్తున్నాను, మీరు నవ్వండి. అయ్య దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వు రాదు, అక్కడ ఒక్క క్షణం ఆగితే చాలు.

అరవైల చివరి సంగతి. మా వైపు కరెంటు స్తంభాలు పాతారు గానీ తీగలింకా రాలేదు. ఎద్దులు ఒళ్లు రుద్దుకోవడానికి తప్ప అవి దేనికీ పనికొచ్చేవి కావు. నేను బడికి వెళ్లింది మూడు రోజులే. పిల్లలందరూ ఒక్కసారి ఎక్కాలు అరుస్తుంటే చెవులు మూసుకుని బల్ల కిందికి దూరిపోయానట. అప్పటినుంచి అమ్మే నాకు బడి. అక్షరాలు, పద్యాలు, పూజ, వంట అన్నీ వంటింట్లోనే. అమ్మ ఏనాడూ విసుక్కోలేదు. ఆ తల్లి రుణం ఎన్ని జన్మలెత్తినా తీరదు.

తక్కిన ఆడపిల్లలు పక్కవాళ్లను చూసి నేర్చుకునే సంగతులు నాకు చూస్తే వచ్చేవి కావు. నోటితో చెప్పాలి. చెబితే మాత్రం రాతి మీద చెక్కినట్టే. "వచ్చినవాళ్లకి మంచినీళ్లియ్యాలే" అని అమ్మ చెప్పిందని, మా కోడిపెట్టను ఎత్తుకుపోవడానికి వచ్చి పట్టుబడినవాడికి కూడా చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాను. వాడు తాగాడు కూడా, పాపం.

పెళ్లి కుదిరాక అమ్మ అత్తవారింటి నియమాలు ఒక్కొక్కటీ చెప్పి, తిరిగి అప్పజెప్పించుకుంది. పెద్దలు కూర్చోమనేదాకా కూర్చోకూడదు. ఎదురు సమాధానం చెప్పకూడదు. అన్నిటికన్నా పెద్దది చివర చెప్పింది:

"మొగుడి పేరు నోట రాకూడదే తల్లీ. పెళ్లాం పేరెడితే ఆడి ఆయుస్సు తరిగిపోతాది. ఎవులు అడిగినా సెప్పకు. ఎంత బతిమాలినా సెప్పకు."

"ఎవులు అడిగినా సెప్పను" అన్నాను.

చూశారా ఎంత బుద్ధిమంతురాలినో! తాంబూలాలు పుచ్చుకున్న రోజునుంచే ఆ పేరు మానేశాను. అసలు చిక్కేమిటంటే, మా అప్పన్న స్వామి కొలువున్న కొండకీ పెళ్లికొడుక్కీ ఒకటే పేరు. దణ్ణం పెట్టుకునేటప్పుడు "ఆ కొండమీది సామీ" అని మొక్కుకునేదాన్ని. ఏ కొండో స్వామికి తెలియదా? తెలుసు. ఇన్నేళ్లుగా నామీద ఆయన చూపిన దయే దానికి సాక్ష్యం.

కానీ అమ్మ ఒక్కటి మర్చిపోయింది. గృహప్రవేశం వేళ ఆడపడుచులు గడపకి అడ్డంగా నిలబడి, కొత్త దంపతుల చేత ఒకరి పేరు ఒకరితో చెప్పించాకగానీ లోపలికి రానివ్వరు. ఈ ముచ్చట ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. నాకు తెలియదు. మేళం మోగితే నా తలలో ఎవరో పోటు వేస్తున్నట్టుండేది, అందుకని ఎవరింట పెళ్లయినా నేను ధాన్యం గాదె వెనక కూర్చునేదాన్ని.

గరివిడికి పోయే రోడ్డు పక్కన ఏరు దాటితే మా అత్తవారి ఊరు. బండి దిగేసరికి సన్నాయి, డప్పులు, సీమటపాకాయలు, ఊరంతటి ఆడవాళ్లు. కొత్త చీర గంజి ఒంటికి దురదగొండాకు కట్టినట్టుంది. నలుగురు ఒక్కసారి మాట్లాడితే నాకు మాటలు విడివిడిగా వినపడవు. తడి పిడకల పొగలాగ అన్నీ కలిసిపోయి కళ్లు మండుతాయి. ఆ పొగలోంచి మా వదిన సత్తెమ్మ, అంటే పెళ్లికొడుకు అక్క, గడప మీద చేతులు బార్లా చాపి నిలబడింది.

"తమ్ముడా, ముందు నువ్వు సెప్పు. ఎవుల్ని తెచ్చినావు?"

కొంగుముడితో నా పక్కనే ఉన్న పెళ్లికొడుకు టక్కున చెప్పేశాడు. "పైడమ్మని తెచ్చినాను."

అందరూ గొల్లున నవ్వారు. నేను నివ్వెరపోయాను. నా ఆయుస్సు సంగతేమిటి?

"ఇప్పుడు నువ్వు సెప్పే గుంటా. ఎవులితో వచ్చినావు?"

అప్పుడు నాకు వెలిగింది. ఇది పరీక్ష! తల్లి సరిగా పెంచిందో లేదో చూస్తున్నారు! పెదవులు గట్టిగా బిగించాను.

"సిగ్గే! సెప్పీయే, బేగి సెప్పీ!"

నేను తల అడ్డంగా ఊపాను.

"నోట్లో ఏటెట్టుకున్నావే, బెల్లంగడ్డా? సెప్పకపోతే లోపలికి రానివ్వను మరి."

లోపలికి రానివ్వరట! ఎంత కఠినమైన పరీక్ష! అమ్మ ముందే చెప్పింది కదా, ఎంత బతిమాలినా అని. వాళ్లు బతిమాలేకొద్దీ నాకు ఉత్సాహం పెరిగింది. బురదలో దిగిన ఎద్దుబండి చక్రంలాగ, ఎంత తోస్తే అంత దిగబడ్డాను. మొదట నవ్వినవాళ్లు మూతులు ముడిచారు. మూతులు ముడిచినవాళ్లు చెవులు కొరుక్కున్నారు. హారతి కర్పూరం రెండుసార్లు కొండెక్కింది.

"ఈ గుంట మూగదేటర్రా?"

"మూగదేటి, బండిలో పద్యాలు సదువుకుంటన్నాదట!"

సరిగ్గా ఆ సమయానికి వెనకనుంచి ఎవరో, "ఒరే సింహాచలం! నువ్వైనా సెప్పించరా!" అని కేకేశారు. అదే క్షణంలో డప్పులవాళ్లు నా చెవి పక్కన దరువు వేశారు. నేను రెండు చెవులూ మూసుకుని, కళ్లు కూడా మూసుకున్నాను.

అంతే. నేను డప్పులకి మూసుకున్నాను, వాళ్లు పేరుకి మూసుకున్నాననుకున్నారు.

"ఓలమ్మోలమ్మ! మొగుడి పేరు ఇనడానికే ఒప్పడం నేదే!"

"ఇష్టం నేని పెళ్లి సేసీసినారు కాబోలు!"

మా అత్త హారతి పళ్లెం కింద పెట్టేసింది. "నా కొడుక్కేటి తక్కువే?" అని గుమ్మంలోనే కూలబడిపోయింది. ఆ ఇంటికి పెద్దదిక్కు పెళ్లికొడుకు పెదనాన్న. ఆయన చుట్ట తీసి, అందరికీ వినపడేలా అన్నాడు: "దీపాలెట్టే యేల దాటిపోకముందే తేలిపోవాల. ఇష్టం నేని పిల్లని గడప దాటించకండి. బండి తిప్పండి. ఆల పిల్లని ఆలింటికి తోలీండి."

ఇక్కడే ఆగమన్నాను మిమ్మల్ని. మా అయ్య ఆ గుంపులోంచి ముందుకు వచ్చాడు. ఊళ్లో ఎవరికీ జంకని మనిషి. భుజం మీది తువ్వాలు తీసి చేతిమీద వేసుకుని, తనకంటే చిన్నవాళ్లందరికీ చేతులు జోడించాడు.

"మా గుంట అలాటిది కాదు బాబూ. తప్పు నాదనుకోండి. ఎనక్కి పంపకండి, అది బతకనేదు."

అప్పుడు ఆయన కూతురు ఏం చేస్తున్నదో తెలుసా? ఎద్దు మెడలో గంట ఎటు ఊగుతుందో చూస్తోంది. గంట ఊగడం చూస్తుంటే తలలో పోటు కాస్త తగ్గేది. అయ్య బతిమాలడం వినపడింది, కానీ అది నావల్లనని తెలియలేదు. పరీక్షలో నెగ్గుతున్నానని లోలోపల సంతోషంగా కూడా ఉంది. ఇప్పటికీ దేవుడి ముందు చేతులు జోడించినప్పుడల్లా ముందుగా ఆ తువ్వాలు కనపడుతుంది. దాన్ని దాటి స్వామి దగ్గరికి వెళ్లడానికి కొంచెం సేపు పడుతుంది.

అందరూ తలో మాటా అంటున్నారు. ఒక్క పెళ్లికొడుకు మాత్రం నన్నే చూస్తున్నాడు. నాతో కట్టేసి ఉన్నాడు కదా, ఎక్కడికీ పోలేడు కూడా. డప్పు మోగినప్పుడల్లా నా చేతులు చెవుల మీదికి పోవడం, ఆగగానే దిగడం ఆ పక్కనుంచి ఆయనొక్కడే గమనించాడు.

"ఒరే, డప్పులాపండి. సన్నాయీ ఆపండి. సత్తక్కా, మీరందరూ కూసింత ఎనక్కెల్లండి."

ఒక్కసారి నిశ్శబ్దం. వేసవిలో ఏట్లో మునిగితే ఉండే చల్లదనం. ఆయన వంగి, మెల్లిగా అన్నాడు:

"నా మొకం సూడక్కర్నేదు. ఆ ఎద్దునే సూడు. సూస్తూ సెప్పు. పేరు సెప్పడానికేటి అడ్డు?"

ఎదురు సమాధానం కూడదుగానీ, ఇది మామూలు ప్రశ్న. ఎద్దును చూస్తూనే చెప్పాను.

"సెప్తే నువ్వు సచ్చిపోతావు."

"ఏటీ?"

"మాయమ్మ సెప్పినాది. పెళ్లాం పేరెడితే మొగుడి ఆయుస్సు తరిగిపోతాదట. ఎవులడిగినా సెప్పొద్దన్నాది. ఈలందరూ అడగతన్నారు. నాను సెప్పను."

గుమ్మంలో కూలబడిన మా అత్త లేచి నిలబడింది. "ఓలమ్మ నా తల్లో! నా కొడుకు సచ్చిపోతాడని ఇంతసేపు ఎండలో నిలబడిపోనావేటే!" అని నా రెండు బుగ్గలూ పట్టుకుంది. (ఎవరైనా ముట్టుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. అత్త గనక ఓర్చుకున్నాను.) పెదనాన్న ఆరిపోయిన చుట్టనే దీక్షగా పీల్చసాగాడు.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నారా? నన్ను మీరింకా ఎరగరు.

"ఈ ఒక్కపాలి సెప్పొచ్చే. గడప కాడ తప్పు నేదు" అంది సత్తెమ్మ వదిన.

"మాయమ్మ సెప్పాల."

"నాను నీ అత్తని, నాను సెప్తన్నాను కదే!"

"ఎవులు సెప్పమన్నా సెప్పొద్దన్నాది. ఆ ఎవుల్లో నువ్వూ ఉన్నావు అత్తా."

అయ్య కూడా చెప్పి చూశాడు. ఆ ఎవరిలో అయ్య కూడా ఉన్నాడు. నియమం అమ్మ పెట్టింది, అమ్మే తీయాలి. పెదనాన్న తిప్పమన్న బండి చివరికి తిరిగింది, నేను లేకుండా, మా అమ్మను తేవడానికి.

బండితో నా గంట కూడా వెళ్లిపోయింది. చూడటానికి ఏమీ లేక దిక్కులు చూస్తుంటే, పెళ్లికొడుకు తన మొలతాడుకున్న తాళంచెవి తీసి నా ముందు అటూ ఇటూ ఊపాడు.

"కూకో" అన్నాడు.

"పెద్దలు సెప్పేదాకా కూకోకూడదు."

"సర్లే" అని ఆయనా నిలబడ్డాడు. పెళ్లికి వచ్చినవాళ్లు ఇళ్లకి పోయి, గొడ్లకి కుడితి పెట్టుకుని మళ్లీ వచ్చారు. మేం అలాగే నిలబడ్డాం.

పొద్దు వాలుతుండగా అమ్మ దిగింది. నాకేదో అయిపోయిందనుకుని, అంట్ల బూడిద చేతులతోనే వచ్చేసింది. సంగతి విని ఆ చేతులతోనే నుదురు కొట్టుకుంది. విభూతి పెట్టుకున్నట్టయింది.

"గడప సంగతి మర్సిపోనానే తల్లీ! తప్పు నాది. సెప్పు. ఏటీ అవ్వదు. గట్టిగా సెప్పు!"

గట్టిగా చెప్పమంది కదా. ఊపిరి పీల్చుకుని, "సింహాచలం!" అని అరిచాను. ఇంటి కప్పు మీది పావురాలు లేచిపోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మళ్లీ చెవులు మూసుకుని, కుడికాలు లోపల పెట్టాను.

మర్నాడు పొద్దున్న మా అత్త పాలచెంబు పట్టుకుని దొడ్లోంచి వస్తోంది. నేను చోడంబలి కాచి, వాకిట్లోకొచ్చి పిలిచాను:

"సింహాచలం! ఓ సింహాచలం! అంబలి సల్లారిపోతన్నాది, రా!"

చెంబు జారింది. పాలన్నీ వాకిట్లో. పక్కింటివాళ్లు గోడమీంచి తలలెత్తారు.

"ఏటే అది! మొగుణ్ణి పేరెట్టి పిలుస్తావేటే!"

"మాయమ్మ సెప్పొచ్చన్నాది అత్తా. ఏటీ అవ్వదన్నాది. నీ ముందే కదా."

చెప్పొచ్చంది సరే, ఎప్పటిదాకానో చెప్పిందా? లేదు. మీరే న్యాయం చెప్పండి.

అత్త కొడుకు వంక చూసింది. "ఒరే, ఒద్దని సెప్పరా దీనికి!"

పశువులశాలలోంచి జవాబొచ్చింది. "ఒగ్గీయమ్మా. ఒద్దని సెప్పాలంటే మల్లీ ఆలమ్మని బండి మీద తేవాల. ఎద్దులు అలిసిపోనాయి." తర్వాత నాకు: "ఓయ్! వస్తన్నాను!"

ఆ "ఓయ్" యాభై ఏళ్లు పైగా విన్నాను. పేరు పెట్టి పిలిచినందుకు ఆయన ఆయుస్సు తరిగిందో లేదో నాకు తెలియదుగానీ, మునిమనవణ్ణి ఎత్తుకునేదాకా ఉన్నాడు. పిలిచిన ప్రతిసారీ పలికాడు. అంతకంటే ఏ స్వామినైనా ఏమడుగుతాం?

మొన్నామధ్య మా మనవరాలు వచ్చింది. నావంటి పిల్లలకి మాటా మంచీ నేర్పడం దాని ఉద్యోగం. ఈ కథ విని నవ్వింది, మధ్యలో నవ్వు ఆపేసి నా పక్కన కూర్చుంది. "నానమ్మా, దీనికి ఒక పేరుంది. ఆటిజం అంటారు. నువ్వు పెంకిదానివీ కాదు, తిక్కదానివీ కాదు. శబ్దాలు నీకు ఎక్కువగా వినపడతాయి. మాటని అందరికంటే గట్టిగా పట్టుకుంటావు. పుట్టుకతోనే అంతే" అంది.

అయ్య ఉంటే ముందు ఆయనకి చెప్పేదాన్ని. తువ్వాలు మళ్లీ భుజం మీద వేసుకోమనేదాన్ని.

మనవరాల్ని మాత్రం జాగ్రత్తగా అడిగాను: "ఆ పేరు పైకి చెప్పొచ్చా? చెబితే ఎవరికీ ఏమీ అవ్వదు కదా?"

"ఏమీ అవ్వదు నానమ్మా. గట్టిగా చెప్పు."

అందుకే మీ అందరికీ చెబుతున్నాను. పాలవాడికీ, పోస్టుమాన్‌కీ ఇదివరకే చెప్పేశాను. గుడిలో పూజారిగారికి రెండుసార్లు చెప్పాను. ఇక ముందు ఎవరు ఏ నియమం చెప్పినా, అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అడగకుండా ఏ గడప ముందూ నిలబడనని, సింహాచలం కొండమీది అప్పన్న సాక్షిగా, ఇంట్లో పటంగా వేలాడుతున్న సింహాచలం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ ఆటిజం అనే పేరు చెప్పడం ఎక్కడ ఆపాలో మనవరాల్ని అడగడం మర్చిపోయాను. అది వచ్చేదాకా చెబుతూనే ఉంటాను.