పిట్టలకు హాజరు వేసిన రాజలింగు కాక

రాజలింగు కాక కన్నుమూశారన్న వార్త గని ఆఫీసులో మొదటి షిఫ్టు హాజరు వేస్తుండగా నాకు అందింది. ఎవరి పేరు దగ్గర ఉన్నానో మరిచిపోయాను. గోదావరిఖనిలో ఆయనను ఎరగని కార్మికుడు లేడు. నది అవతల గుట్టల మీది జాతీయ పార్కులో ఆయనను ఎరగని పిట్టే లేదని మేము వేళాకోళమాడేవాళ్లం.

భూగర్భంలో ఆయన విధి కర్రతో పైకప్పు తట్టి చూడటం. శబ్దం గుల్లగా వినిపిస్తే అందరినీ వెనక్కి పిలిచేవారు. ఆ శ్రవణశక్తే ఎందరి ప్రాణాలకో రక్షణ. ఉద్యోగ విరమణ తర్వాత ఆ చెవులను అడవికి అప్పగించారు. ఎండుమానుల మీద దరువు వేసే పెద్ద వడ్రంగిపిట్ట అంటే ఆయనకు పంచప్రాణాలు. "మనోడే, పైకప్పు చూస్తుండు" అని మురిసిపోయేవారు.

నేనిచ్చిన పాత హాజరు పుస్తకంలో పిట్టల పేర్లు రాసుకుని, ప్రతి ఆదివారం గుట్టెక్కి, వినబడినదానికి హాజరు, వినబడనిదానికి నాగా వేసేవారు. పార్కువాళ్లు సైతం ఆ పుస్తకం చూసే తమ జాబితా సరిచేసుకునేవారు.

ఈ ఎండాకాలమంతా ఆయన వెంట నేనూ వెళ్లాను. వడ్రంగిపిట్ట దరువు ఒక్కసారీ వినలేదు. ఆయన మాత్రం ప్రతివారం దానికి హాజరే వేశారు. చివరికి ఉండబట్టలేక, నాకైతే ఏమీ వినబడలేదన్నాను.

"నాకూ ఇనవడ్తలేదు బిడ్డా. చెవులే పోయినయో, పిట్టనే పోయిందో తెలుస్తలేదు. నాగాలు పెట్టుకుంట పోతే పేరు కొట్టేస్తరు. ఆ గీత పెట్టేది నువ్వే గద."

నిజమే. వరుసగా నాగాలు పెట్టినవాళ్ల పేర్ల మీద, పైనుంచి ఉత్తర్వు రాగానే గీత పెట్టిన చెయ్యి నాది.

దినకర్మ ముగిశాక ఆయన భార్య లచ్చవ్వ ఆ పుస్తకం నా చేతిలో పెట్టింది. పార్కువాళ్లు దానికోసం కబురు చేశారట. ఆదివారం ఒక్కడినే గుట్టెక్కి పొద్దంతా కూర్చున్నాను. దూరంగా ఒక్కసారి ఏదో టక్కుమంది. ఎండుకొమ్మ విరిగిందో, పిట్టే తట్టిందో పోల్చుకోలేక, అడుగుదామని పక్కకు తిరిగాను.

కాకా, నీ చెవులకు దండం. పుస్తకంలో ఆ ఆదివారం వడ్రంగిపిట్ట గడి ఇంకా ఖాళీగానే ఉంది. హాజరు వేయడానికి నా చెవి చాలదు, నాగా వేయడానికి చెయ్యి రాదు.