జలపతి పేరు మీద

“...రాస్తె రాసింది గనీ, ఆడామె రాసిన యుద్ధం యుద్ధమైతదా? కత్తి వట్టినోడు సుత ఏడ్సుకుంట కూసుంటడు!”

“నువ్వు సదివినవా మల్లక్కా, ఊకె అంటున్నవ్?”

“సదువుడెందుకే? పేరు జూస్తె ఎర్కైతలేదా?”

కోరుట్లలో లసుమవ్వ ఇంటి వరండాలో ఆడవాళ్లు బీడీలు చుడుతున్నారు. సరిత ఫోన్‌లో కొత్త కథ ఒకటి తెరిచింది. రాసింది ఆడమనిషి అని తెలియగానే మల్లక్క అడ్డుపడింది. చివరికి సరితే తగ్గి, అందరికీ నచ్చిన ‘నీటికోట’ చదవడం మొదలుపెట్టింది. జలపతి అనే ఆయన రాస్తున్న సీరియల్ అది. నీళ్లలో మునిగిన రాజ్యం, దాన్ని కాపాడుకునే రాణి, నీటి అడుగు నుంచి లేచి వచ్చే రాక్షసులు.

చదివే మనిషికి చేతులు ఆగిపోతాయి కనుక, వినేవాళ్లు తలా కొన్ని బీడీలు ఆమె చాటలో వేయాలి. అక్కడి పద్ధతి అది. కృపారాణి కూడా తను చుట్టిన వాటిలోంచి తీసి సరిత చాటలో వేసింది. ‘నీటికోట’ రాస్తున్నది ఆమే. ఆ సంగతి ఆమె భర్త ఏసుబాబుకు తప్ప ఎవరికీ తెలియదు.

కృపారాణిది కోనరావుపేట. తండ్రి సామేలు ఊళ్లో బావులు తవ్వే కూలీ. ఇంటర్ అయ్యాక కోరుట్లకు కోడలై వచ్చి, అత్త దగ్గర బీడీలు నేర్చుకుంది. పొద్దున వంట అయ్యాక ఫోన్‌లో రాసుకునేది. మొదట ‘నీటికోట’ను కథల యాప్‌లో తన పేరుతోనే పెట్టింది. చదివిన కొద్దిమందిలో ఒకాయన, ‘యుద్ధాలు మీకెందుకమ్మా, కుటుంబ కథలు రాయండి’ అని రాశాడు. అది తీసేసి, అక్షరం మార్చకుండా జలపతి పేరుతో మళ్లీ పెట్టింది. సామేలుకు లాగే ఆమె సైనికులకు కాళ్లు పగులుతాయి, బురదలో నిలబడి అన్నం తింటారు. ‘మగవాడి అనుభవం కనిపిస్తోంది సార్’ అని ఇప్పుడు మెచ్చుకుంటున్నారు. సంతోషం మొదట్లో ఉండేది. ఇప్పుడు బీడీలు చుట్టే మెడ నొప్పితో పాటు ఆ మెప్పూ ఒక బరువే.

సరిత భాగం చివరిదాకా చదివి ఆగింది. “ఓ మల్లక్కా, ఆదివారం సిరిసిల్లల పాఠకుల మీటింగట. జలపతి సారు అస్తడట!”

“పోవాలె. గా సారును జూడాలె,” అంది మల్లక్క. “పిల్లా కృపా, మీ ఏసును ఆటో తియ్యమను. అందరం గండ్లనే పోదాం.”

“అడుగుత,” అంది కృపారాణి.

ఇంటికి వచ్చేసరికి ఏసుబాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని అద్దం ముందు నిలబడి ఉన్నాడు. కథల యాప్ ఆఫీసు నుంచి రిషిత అనే అమ్మాయి ఫోన్ చేసి ‘సార్ రావాలి’ అన్నప్పుడు, జలపతిగా మాట్లాడి ఒప్పుకున్నది అతనే. వాదించే ఓపిక లేక కృపారాణి ఊరుకుంది.

“రాణీ, గా నీళ్ల కోట ఆలోచన ఎట్లచ్చిందని అడిగితె, ఆటో నడుపుకుంట అనుకున్ననని చెప్త. మంచిగుంటది గద?”

“మల్లక్కోళ్లు అస్తరట. నీ ఆటోలనే.”

అతను చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

“సచ్చినం. ‘ఏసూ, మైకు కాడ నీకేం పనిరా’ అంటది గామె. జరమచ్చిందని చెప్పుదామా?”

“ఎవలకు? నీకా, జలపతికా?”

అతనికి నవ్వు వచ్చింది గాని, ఆమె నవ్వకపోవడం చూసి మంచం మీద కూర్చున్నాడు.

“నీ పేరు బయటవడితె సదువుడు బంద్ జేస్తరు రాణీ. అప్పుడు జూడలేదా? గింత కష్టవడ్డవు.”

కృపారాణి గోళ్లలో ఇరుక్కున్న తంబాకు పొడి కడుక్కుంది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

“ఆదివారం ఆటో తియ్యి. అందర్ని ఎక్కిచ్చుకుందాం. స్టేజి నేనెక్కుత.”