మూడో పేజీలో కోటిలింగం

గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ కాలేజీకి ఎదురుగా నాది బైండింగ్ షాపు. పేరు ధర్మారావు. కోపిష్టినని ఊరంతా అంటారు. ఏప్రిల్ వస్తే కోపం రాక చస్తుందా? ఫైనలియర్ పిల్లలు నాలుగు నెలల ప్రాజెక్టు రిపోర్టు నాలుగు రోజుల్లో ముగించి, గడువు రేపనగా కట్టలు తెచ్చి నా నెత్తిన పడేస్తారు.

రోజా అలాంటిది కాదు. దివిసీమలో నాగాయలంక అవతల, చేపలవేట మీద బతికే ఇంటి పిల్ల. నాలుగేళ్ళ కిందట స్కేలు పట్టుకుని షాపుకొచ్చింది.

"బాబాయ్ గారూ, మీ కుట్టు పేజీ లోపలికి ఎంత తినేస్తుందండీ?"

"అంగుళంన్నర వదలండని ఏటా గొంతు చించుకుంటున్నా. వినే నాథుడేడీ?"

"ఇకనుంచి మీరు చెప్పక్కర్లేదు లెండి," అంది.

కంప్యూటర్లో నల్లతెర మీద ఒక్క మాట టైపు చేస్తే చాలు, రోజా రాసిన ప్రోగ్రాం ఏడు ప్రశ్నలు అడుగుతుంది. పేరేంటి, నంబరెంత, గైడు ఎవరు, ఇలాంటివి. జవాబులిస్తే సర్టిఫికెట్టు, విషయసూచిక, పేజీ నంబర్లు, నా అంగుళంన్నర, అన్నీ కుదిరిన రిపోర్టు తయారవుతుంది. లోపలి సంగతి రాసుకోవడమే మిగులుతుంది. తన రిపోర్టునే నమూనాగా పెట్టి జూనియర్లకిచ్చింది. మూడో పేజీలో కృతజ్ఞతల గురించి అడిగించడం మాత్రం మరిచిపోయింది. అక్కడ తను ఇంగ్లీషులో రాసుకున్నదే ఉండిపోయింది:

'నన్ను చదివించడానికి పాత వలనే మళ్ళీ మళ్ళీ బాగుచేసుకున్న మా నాన్న కోటిలింగానికి. చదవడం రాని ఆయనదే ఈ పుస్తకం.'

నాన్న కోసం ఇంకో కాపీ కుట్టమని చెప్పి వెళ్ళింది. దాన్ని తీసుకెళ్ళడానికి మళ్ళీ రాలేదు. ఆ జూన్‌లో డెంగ్యూతో పోయింది. ఇరవై రెండేళ్ళ పిల్ల.

మరుసటి ఏప్రిల్లో రిపోర్టులు వచ్చాయి. ఏది తీసినా మూడో పేజీలో కోటిలింగమే. బ్యాంకు మేనేజరు కొడుక్కీ ఆయనే నాన్న. ఏడు ప్రశ్నలకి జవాబులిచ్చి ప్రింటు కొట్టేశారు వెధవలు. మాస్టార్లేమో సంతకం పెట్టే పేజీ దాటి తిప్పలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

సరిగ్గా ఆ రోజే కోటిలింగం గారు వచ్చారు, నేను కబురు పంపితే, కూతురి కాపీ తీసుకోవడానికి. నలుపు తిరిగిన మనిషి, చేతుల నిండా తాడు కోసిన గీతలు. నేను ఆగలేక బల్ల మీది పుస్తకాలు తెరిచి, ఆ రెండు ముక్కలూ తెలుగులో చదివి వినిపించాను. ఆయన పేజీ మీద చెయ్యి పెట్టారు.

"అమ్మాయి మళ్ళీ రాసిందాండీ?"

కాదండీ, ఈ సోమరిపోతులు మార్చలేదు అనాలి. నా నోటికి అడ్డూ ఆపూ లేదంటారు.

"రాసిందండీ," అన్నాను.

అప్పట్నుంచి ఏటా ఏప్రిల్లో అవనిగడ్డలో ఓ బస్సు, బందర్లో ఓ బస్సు మారి, ఎండురొయ్యల పొట్లంతో వచ్చేవారు. స్టూలు మీద కూర్చుని ఏదో ఒక పుస్తకం చూపించేవారు. నేను చదివేవాణ్ణి. "ఇందులోనూ అదేనాండీ?" అని ఇంకోటి చూపించేవారు. అదే చదివేవాణ్ణి. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేవారు.

ఈ ఏడు ల్యాబుకి సాయిసుధ అని కొత్త మేడం వచ్చింది. ప్రోగ్రాం సరిచేసి, కృతజ్ఞతలు ఎవరికని ఎనిమిదో ప్రశ్న పెట్టింది. రిపోర్టులు చూసి నేను ఒంటికాలి మీద లేచి ల్యాబుకి వెళ్ళాను. "ఎవరి నాన్నకి వాళ్ళు చెప్పుకోవాలి కదండీ," అంది. నిజమే. సంగతి చెబితే ఆ అమ్మాయీ కళ్ళు తుడుచుకుంది. పాత ప్రోగ్రాం వెతికి తీసి నడిపింది. పేరేంటని అది అడిగితే రోజా అని కొట్టింది. వచ్చిన కాగితాలకి ఎర్ర కాలికో గుడ్డతో అట్ట వేసి, బంగారు అక్షరాలు పెట్టాను.

కోటిలింగం గారు వచ్చారు. పుస్తకం చేతిలో పెట్టి చదివాను. ఆయన బల్ల మీద కట్టలవైపు చూశారు.

"వాటిల్లోనండీ?"

"లేదండీ. ఈ ఏడు మార్చేశారు. ఇది మీకోసం చేయించాను."

ఆయన నెమ్మదిగా పేజీలు తిప్పారు. మూడో పేజీ తర్వాత అన్నీ తెల్లకాగితాలే.

"అవి వాటంతటవే వచ్చేవండీ," అన్నారు. "పిల్లలు మార్చక వచ్చేవని నాకూ తెలుసండీ. అయినా ఎక్కడో కూర్చుని రాస్తోంది అనుకునేవాణ్ణి. ఇది మీరు రాయించారు."

ఆయన పుస్తకం మూసేశారు.

"అందరికీ అమ్మాయి పోయి నాలుగేళ్ళండీ, ధర్మారావు గారూ. నాకు ఇవాళే."

పొట్లం బల్ల మీద పెట్టి, పుస్తకం దాని పక్కన పెట్టి, బస్సుకి వెళ్ళిపోయారు.

గడువు రేపు. కట్టలు కుట్టాలి కాబట్టి సూది తీసుకున్నాను. ఏ పుస్తకం చూసినా రోజా వదిలించిన అంగుళంన్నర సరిగ్గా ఉంది. అదొక్కటీ ఎవరూ మార్చలేదు. కుడుతూ ఏడ్చాను.