లెక్కకు రాని పదిహేడు నిమిషాలు

ఆఫీసులో అతన్ని అందరూ ‘పాతిళ్ల మేస్త్రి’ అంటారు. ఏళ్ల కిందటి ప్రోగ్రాములకు మాట్లు వేయడమే పని. కొత్తవాళ్లు ముట్టుకోవడానికి జంకే కోడ్‌లో చేతులు పెట్టి, తిట్టుకుంటూనే నడిపిస్తాడు. ఒక్క ఫైలు మాత్రం పదేళ్లుగా తెరవలేదు. అది తను రాసిందే, ఒక ఆసుపత్రి వార్డు కోసం. నర్సు మందు ఎక్కించడం మొదలుపెట్టగానే తెర మీద చిన్న డైలాగ్ బాక్స్ వచ్చి, ముప్పై నిమిషాల నుంచి సెకను సెకనుకూ వెనక్కి లెక్కపెట్టి, సున్నా కాగానే గంట కొట్టేది.

ఆ వార్డులో నర్సు అతని సొంత అక్క. ఒక నెలాఖరు మధ్యాహ్నం మందు పదిహేడు నిమిషాలు ఎక్కువ ఎక్కి ఆరేళ్ల పాప చనిపోయింది. గంట మోగగానే లేచానని అక్క విచారణలో చెప్పింది. ఇతగాడు నిలబడి, “నా టైమర్ సెకను కూడా తప్పదు సార్” అన్నాడు, గుండె మీద చెయ్యి వేసుకుని మరీ.

“అయితే నాకే కునుకు పట్టుంటుంది” అని అక్క తల దించుకుంది. ఉద్యోగం మానేసింది. ఇప్పటికీ పగటిపూట కుర్చీలో వెనక్కి వాలదు, ఎక్కడ కళ్లు మూతపడతాయోనని. అతనికేమో ఏ తెర మీద అంకె మారినా ఆ పాపే కనిపిస్తుంది. అనుమానం ఉంది కాబట్టే ఫైలు తెరవలేదు, మనలో మాట.

ఈ సోమవారం ఆసుపత్రి కొత్త కంప్యూటర్లు కొనడంతో తెరవక తప్పలేదు. చూడగానే తప్పు దొరికింది. టైమర్ టిక్ అన్నప్పుడల్లా ఒక సెకను తీసెయ్యమని రాశాడు గానీ, అసలు టైమెంతయిందని కంప్యూటర్ గడియారాన్ని ఒక్కసారీ అడగలేదు. ప్రోగ్రాం వేరే పనిలో మునిగితే టిక్కులు వరసకట్టి వేచి ఉండవు, పది కలిసి ఒకటైపోతాయి; పది సెకన్లు గడిచినా లెక్కలో ఒక్కటే తగ్గుతుంది. ఆ రోజులాగే నెలాఖరు రిపోర్టులన్నీ అదే ప్రోగ్రాంలో ప్రింటుకు పెట్టి, చేతి గడియారం చూస్తూ కూర్చున్నాడు. ముప్పైకి మోగాల్సిన గంట నలభై ఏడు నిమిషాలయ్యాక మోగింది.

సాయంత్రం అక్క ఇంటికెళ్లి గుమ్మంలోనే చెప్పేశాడు.

“అంటే... నేను నిద్రపోలేదా?”

“లేదక్కా. తప్పంతా నాది.”

కొడుతుందేమో అనుకున్నాడు, కొట్టినా బాగుండుననుకున్నాడు. అక్క మెల్లగా గోడకు చేరగిలబడింది.

“పాప వాళ్లమ్మ ఏటా ఆ తేదీన ఫోన్ చేస్తుందిరా. ‘మెలకువగానే ఉన్నావా?’ అని అడిగి పెట్టేస్తుంది. ఎల్లుండే ఆ తేదీ. ఈసారి ఫోన్ నువ్వెత్తు.”

అతను తల ఊపాడు.