"తేలు!" అని అరిచే డాక్టరమ్మ

మా సూర్యాపేట డాక్టరమ్మ మిర్యాలగూడకు బదిలీ అయిందట. అక్కడ ఆసుపత్రి గదిలోంచి "తేలు!" అన్న కేక వినిపిస్తే అది ఆమెదే.

మా నాయినకు పెద్దపేగు క్యాన్సరని తెలిసిన రోజు, ఆమె నాయినతో సహా ఇంటిల్లిపాదినీ చేతులు పట్టుకుని నిలబడమని చెప్పి, ఉన్నట్టుండి అలా అరిచింది. చేతులు వదిలేసి తలో దిక్కుకు గెంతాం. ఆమె పగలబడి నవ్వింది.

"పేగుల కణాలు గిట్లనే పట్టుకొని ఉంటయి. వాపొస్తే ఒంట్ల కొన్ని రసాయనాలు నా లెక్కనే కేకేస్తయి. ఆ కేకకు కణాలు పట్టు ఇడిస్తే క్యాన్సర్ సందు సూసుకొని పాకుతది. అంతకుముందే కోసి తీసేద్దాం."

ఆపరేషన్ అయిన ఏడాదికి, పరీక్షలన్నీ బాగున్నాయని చెప్పి, మళ్ళీ అలాగే నిలబెట్టి "తేలు!" అంది. గొర్రెలు కాసే మా నాయిన మా చేతులు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"కుట్టనియ్ డాక్టరమ్మా, నేనైతే ఇడువ!"