బండమీది ఎర్ర తువ్వాల

మొన్న ఆదివారం మనవరాలు నన్ను మిర్యాలగూడ నుంచి డ్యామ్ దగ్గరికి లాంచీ ఎక్కిస్తానని తీసుకుపోయింది. ఎక్కేముందు నా చేయి నన్ను అడక్కుండానే భుజం మీది తువ్వాల తీసి ఒడ్డున కమ్మీ మీద వేసింది. "గాడ ఎందుకేసినవ్ తాతా, గాలికి పోతది" అంది. పాత అలవాటులే అన్నాను.

ఆ డ్యామ్ కింద పవర్‌హౌస్‌లోనే నేను ఆపరేటర్‌గా చేరాను. నీళ్లతో కరెంటు తీసిన మాటేగాని, మోకాలిలోతు దాటితే నాకు వణుకు. మా ఇంటికి రావలసిన ఈతంతా మా మేనమామ ఒక్కడికే వచ్చినట్టుంది. నేరేడుచర్ల దిక్కు కోతలు అయిపోయాక ఆయన నా దగ్గరికి వచ్చి ఉండి, టర్బైన్లు ఆగినప్పుడు కింద తేలే బండల మధ్య వల వేసేవాడు. మళ్లీ తిప్పితే నీళ్లు ఒక్కసారిగా ఆ బండలను ముంచేస్తాయి గనుక, ముందు సైరన్ మోగిస్తే అందరూ ఒడ్డెక్కేవాళ్లు, కానీ మామకు చెవులు వినపడవు. అందుకని మా ఇద్దరికీ ఒక ఒప్పందం: నీళ్లలో దిగేముందు ఎర్ర తువ్వాల పెద్ద బండమీద పరుస్తాడు, ఒడ్డెక్కగానే తీస్తాడు. కిటికీలోంచి అది కనపడితే నేనే దిగిపోయి చేయి ఊపి పిలుచుకొచ్చేవాణ్ని.

ఒకనాడు కరెంటు వెంటనే కావాలని పైనుంచి ఫోన్. సైరన్ మోగింది, తువ్వాల బండమీదే ఉంది, మామ కనపడడు. ఇంజినీరు తిప్పమన్నాడు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. అయినా మీట మీది చేయి తీసి బయటికి ఉరికాను. చూస్తే మామ చెట్టుచాటున కూర్చుని తాపీగా చేపల పొలుసు గీకుతున్నాడు.

"తడిసింది గదా అల్లుడా, ఎండనీ అని ఇడిసిన. నువ్వెందుకు గిట్ల పరేషాన్ అయితున్నవ్?"

తిరిగొచ్చాక ఇంజినీరు ఆలస్యమెందుకన్నాడు. చుట్టూ అన్ని నీళ్లుండగా నేను కాసేపు నీళ్లు నమిలి, చివరికి బండ చూపించి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కోదాడ అవతలి మనిషి, మా యాస కాదు, మాట పొదుపు. బండవైపు చాలాసేపు చూసి వెళ్లిపోయాడు. ఇగ నా పని ఖతం అనుకున్నాను. మర్నాడు టర్బైన్ తిప్పేముందు నాకంటే ముందు కిటికీ దగ్గరికి ఆయనే పోయి, "మీ మావయ్య తువ్వాలు తీశాడా?" అన్నాడు. బదిలీ అయ్యేదాకా అడుగుతూనే ఉన్నాడు.

ఇప్పుడు కంచె ఉంది, బోర్డులున్నాయి, నాలుగూళ్లకు వినపడే సైరన్ ఉంది, మీట ఎక్కడో దూరాన నొక్కుతారట. మంచిదే, కాదనను. మామ పోయి చాలా ఏళ్లయింది. లాంచీ తిరిగొచ్చేసరికి నా తువ్వాల కమ్మీ మీదే ఉంది, గాలి తీసుకుపోలేదు. దాన్ని చూసి, ఈ మనిషి ఇంకా నీళ్లలోనే ఉన్నాడని ఒక్క నిమిషం ఆగే కిటికీ మాత్రం ఎక్కడా కనపడలేదు.