మామయ్య కుంటు

“కొత్తవాడే బాగా దూకాడు, ఒప్పుకోండి!”

“నడుముకి తాడు కడితే నువ్వూ దూకుతావే!”

రీమేక్ చూసొచ్చి అత్తయ్యా మామయ్యా వాదులాడుకుంటుంటే నేను గుమ్మంలోనే ఆగిపోయాను. పాత సినిమాలో హీరోకి డూప్‌గా మేడ మీంచి దూకింది మామయ్యే. అప్పుడు మడమ బెణికి కుంటితే, దర్శకుడు బాగుందని ఆ కుంటడం సినిమాలో అలాగే ఉంచేశాడు.

నేనూ ముందే చూశాను, నిజం చెప్పాలంటే కొత్త ఫైటే మేలు. అది మామయ్యకీ తెలుసు, అందుకే ఆ కడుపుమంట.

“దూకడం వాడిదే బాగుంది మామయ్యా. కానీ దెబ్బ తగలకపోయినా, అచ్చం నీలాగే కుంటాడు. చూడలేదా?” అన్నాను.

అత్తయ్య లోపలికెళ్ళగానే మామయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

“వాడు దూకగానే ఒళ్ళు మండి మొహం తిప్పేసుకున్నాన్రా. రేపు ఇంకోసారి తీసుకెళ్ళు. మీ అత్తకి మాత్రం చెప్పకు.”